కప్ప పెట్టెలో ఏం వాడారో బిల్లు మీద రాయండి

కప్పలు, బల్లులు, తాబేళ్లలాంటివాటిని పెంచే టెర్రేరియం పెట్టెలు చేసే కార్పెంటర్లకు, ప్లైవుడ్ డీలర్లకు, ఆ పెట్టెలు అమ్మే పెట్ షాపుల యజమానులకు, ఆ షాపులను పర్యవేక్షించే అధికారులకు

నమస్కారం.

నేను హనుమకొండలో జువాలజీ లెక్చరర్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. పోయిన వానాకాలంలో హైదరాబాద్‌లోని ఒక షాపులో చెక్క టెర్రేరియం ఒకటి కొన్నాను. మూడడుగుల పొడవు, ముందువైపు జరిగే గాజు పలకలు, లోపలా బయటా నున్నగా పాలిష్. పద్నాలుగు వేలు తీసుకున్నారు. మా అబ్బాయి రెండేళ్లుగా పెంచుకుంటున్న రెండు పాక్‌మన్ కప్పల కోసం అది. దక్షిణ అమెరికా కప్పలవి. అరచేతిలో పడతాయి, ఒంట్లో సగం నోరే. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి మింగేస్తాయని పెట్టె మధ్యలో అడ్డు పలక కూడా పెట్టించాం. అప్పటిదాకా అవి మూతకు చిల్లులు పెట్టిన రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో హాయిగా బతికాయి. మంచి ఇల్లు ఇద్దామనుకోవడమే మేం చేసిన పాపం.

పెట్టె తెరవగానే ముక్కులో ఘాటెక్కింది. షాపుకు ఫోన్ చేస్తే, “ఏం గాదు మేడమ్, పాలిష్ వాసన. రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టుండ్రి, పోతది” అన్నారు. నేను నాలుగు రోజులు పెట్టాను. వాసన పోయిందనే అనుకున్నాను. అడుగున తడిపిన కొబ్బరి పీచు పొడి పరిచి, కప్పల్ని వదిలి తలుపు మూశాం. మర్నాడు సాయంత్రానికి గాజు లోపలివైపు ఆవిరి పట్టింది. పలక జరిపితే మళ్లీ అదే ఘాటు.

పాక్‌మన్ కప్ప అంటే వారం రోజులైనా ఒకేచోట ముద్దలా కూర్చునే జీవి. అలాంటిది రెండో రోజుకల్లా పెద్ద కప్ప గోడలు పట్టుకుని పైకి ఎగబాకుతోంది. ఒళ్లంతా తెల్లటి జిగురు. నాలుగో రోజు తెల్లవారి చూస్తే వెనక్కాళ్లు బారజాపుకుని పడి ఉంది, వేళ్లు మాత్రం అదురుతున్నాయి. మధ్యాహ్నానికి అదీ ఆగిపోయింది. రెండోదాన్ని వెంటనే తీసి, కడిగి పాత డబ్బాలో పెట్టాం. ఒక్క రోజు బతికింది.

వెటర్నరీ డాక్టరు గారు చూసి, “విషం తగిలిన లక్షణాల్లాగే ఉన్నాయి. ఏ విషమో చెప్పాలంటే ఆ పెట్టెలో ఏమేం వాడారో తెలియాలి” అన్నారు. తెలుసుకుందామని బయల్దేరాను. షాపాయన కార్పెంటర్ని అడగమన్నారు. కార్పెంటర్, “నాకేం తెలుసు మేడమ్, డీలర్ ఏ ప్లై ఇస్తే అది కోస్తా” అన్నాడు. డీలర్ అయితే గర్వంగా, “చెద పట్టకుండా మందు కలిపిన మాలు, ఇరవై ఏళ్ల గ్యారంటీ” అని చెప్పాడు. ఏ మందు? “అది కంపెనీ వాళ్లకే తెలుసు.” షాపుకు రెండు ఉత్తరాలు రాశాను, సంబంధిత కార్యాలయానికి మూడు. రిజిస్టర్డ్ పోస్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి, జవాబులే లేవు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

మా కప్పల్ని చంపింది ఫలానాది అని నేను చెప్పలేను. ఆ మాట ఎవరూ చెప్పలేని స్థితి ఉండటమే నా ఫిర్యాదు.

కప్ప సంగతి కాస్త చెప్పాలి. అది నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర పలుచటి చర్మం ఉంటుంది. తడి నేల మీద కూర్చుని దాంతోనే నీళ్లు పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా ఆ చర్మం నుంచే. ఆ తడిలో ఏది కరిగి ఉంటే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. (మా తరం ఈ విషయమంతా కప్పల్ని కోసే నేర్చుకుంది. ఆ లెక్కన కప్పలకు నేను బాకీ ఉన్నదాన్నే.) పాములు, బల్లులు, తాబేళ్లకు పొలుసులున్నాయి కాబట్టి ఇంత సున్నితం కాదు. అయినా మూసిన పెట్టెలో రాత్రింబవళ్లు అదే గాలి పీలుస్తాయి. ఊపిరితిత్తుల్లో ఏదైనా చేరితే మనలా దగ్గి బయటికి నెట్టే శక్తి వాటికి లేదు.

ఇక మీ మీ పనుల దగ్గరికి వస్తాను.

1. ప్లైవుడ్ గురించి. ఇది అన్నిటికంటే పెద్ద విషయం. మామూలు ఎం.ఆర్. గ్రేడ్ (కొంత తేమకే తట్టుకునే) ప్లై పొరలను, పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్.లలోని చెక్క పొట్టును, నారను ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అంటిస్తారు. దాన్నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని 2004లోనే చేర్చింది. వేడి, తేమ పెరిగితే ఆ వాయువు ఇంకా ఎక్కువ వస్తుంది. మీ ఇంట్లో బీరువా ఉండేది గాలి ఆడే గదిలో. టెర్రేరియంలో కావాలనే వేడి పెడతాం, కావాలనే నీళ్లు చల్లుతాం, ఆపైన తలుపు మూస్తాం. బీరువాకు పనికొచ్చిన ప్లై దీనికి పనికిరాదనడానికి ఆ ఒక్క తేడా చాలు.

“అయితే మెరైన్ ప్లై వాడదాం, నీళ్లకు తట్టుకుంటుంది” అని మీలో చాలామంది అంటారు. ఐ.ఎస్. 710 అనే భారత ప్రమాణం ప్రకారం చేసిన మెరైన్ ప్లై జిగురు ఫినాల్ రకం, అది మేలే. కానీ పుచ్చకుండా, పురుగు పట్టకుండా దానికి రసాయనాలు పట్టిస్తారు. ‘బోరర్ ప్రూఫ్’, ‘టెర్మైట్ ప్రూఫ్’ అని ముద్ర ఉన్న ప్రతి షీటులోనూ పురుగును చంపేది ఏదో ఒకటి ఉన్నట్టే. దాని మీద మళ్లీ కార్పెంటర్లు తమ వంతుగా బ్రష్‌తో చెదమందు పూస్తారు. చెదమందుగా అమ్మే క్లోర్‌పైరిఫాస్ వేరే ఎక్కడిదో కాదు, మా వరంగల్ వైపు పత్తి చేలలో కొట్టే మందే. అది పురుగు నరాల మీద పనిచేస్తుంది. కప్ప నరాల మీదా అంతే. ఆ పెట్టెలో చెదపురుగులు బతకవు అని గ్యారంటీ ఇచ్చే ముందు, అందులో ఇంకేం బతకాలో ఒక్కసారి అనుకోవాలి కదా.

మేస్త్రీలూ, ఇది మీ ఆరోగ్యం గొడవ కూడా. ఆ షీట్లు కోసేటప్పుడు కళ్లు మండటం, ముక్కు కారడం దుమ్ము వల్లే అనుకుంటున్నారు. మూతికి తువ్వాలు కడితే ఆ వాయువు ఆగదు. సాయంత్రం దాకా దాన్ని పీల్చేది మీరు, మీ దగ్గర పని నేర్చుకునే పిల్లలు.

2. పాలిష్, పెయింటు, పాత చెక్క. మెలమైన్ పాలిష్, థిన్నర్ కలిపిన వార్నిష్, సన్‌మైకా అంటించే రబ్బరు గమ్ము, వీటి ఘాటు పైపైన పోయినా లోపలి పొరల్లోంచి వారాల పాటు వస్తుంది. మేం పెట్టిన నాలుగు రోజులు ఏ మూలకూ చాలలేదు. నీటితో కలిపే పి.యు. (పాలీయురేథేన్) పూత దొరుకుతుంది, ధర ఎక్కువ. కొనేవాళ్లని అడగండి, ఆ తేడా ఇస్తారు.

ఇళ్లల్లో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90 భాగాలు) దాటకూడదని 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉన్నాయి. అయితే అవి ఇంటి రంగులకే. వెల్డింగ్ షాపులో ఇనుప ఫ్రేముకు పూసే ఇండస్ట్రియల్ పెయింటు ఆ లెక్కలోకి రాదు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే తలుపులు, కిటికీ చెక్కలు టేకువే, చవకే, చూడ్డానికి అందంగానూ ఉంటాయి. వాటి మీద పేరుకున్న నలభై యాభై ఏళ్ల నాటి రంగులో ఎంత సీసం ఉందో ఎవరికీ తెలియదు. దాన్ని గీకి పెట్టె చేస్తే ఆ పొడి ఇంట్లో పాకే పిల్లల నోట్లోకీ పోతుంది.

వాసన వచ్చే చెక్కలు కూడా వద్దు. దేవదారు వాసనకు పురుగులు దూరం పోతాయని పెట్టెలకు మంచిదంటారు. ఇక్కడ అదే దాని తప్పు. జామాయిల్ కొమ్మలు, పొట్టు కూడా నేనైతే లోపల పెట్టను.

3. సిలికాన్. ఇక్కడ ముక్కును నమ్ముకుంటే మోసపోతాం. వెనిగర్ వాసన కొట్టే మామూలు గాజు సిలికాన్ పూర్తిగా గట్టిపడ్డాక భయం లేనిది, అక్వేరియంలు అతికేది దాంతోనే. బాత్రూముల కోసం అమ్మే ‘యాంటీ ఫంగల్’ రకానికి అంత వాసన ఉండకపోవచ్చు గానీ బూజును చంపే మందు కలిసి ఉంటుంది, అది తడిలోకి దిగుతుంది. షాపులో రెండు ట్యూబులూ పక్కపక్కనే ఉంటాయి, రంగు కూడా ఒకటే. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదివే ఓపిక మీకుండాలి. వెనిగర్ రకం కూడా పూర్తిగా ఆరాలంటే వారం కావాలి. ఉదయం అతికించి సాయంత్రం ఆటోలో ఎక్కించడం కాదు.

4. జాలీ, సిమెంటు. జి.ఐ. జాలీకి జింకు పూత ఉంటుంది. కప్పలుండే తడి పెట్టెలో ఆ జింకు మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. రాగి, ఇత్తడి అలంకారాలూ అంతే. స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ వాడండి. తాబేళ్లకు సిమెంటు తొట్టి కట్టేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, కొత్త తొట్టిలో నీళ్లు పట్టి పారబోస్తూ సున్నపు ఘాటు పోయేదాకా ఆగాలని మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆ ఆగడమే ఇప్పుడు పోయింది.

5. వేడి. మా కొలీగ్ వాళ్లబ్బాయి ఇగువానా పెంచుతున్నాడు, విదేశీ జీవులను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాడు, అన్నీ పద్ధతిగానే. పెట్టె చేసిన షాపు వాళ్లు పైన జాలీ లేకుండా హీట్ బల్బు లోపలే వేలాడదీశారు. చలికాలం ఒక రాత్రి అది బల్బుకు వీపు ఆనించుకుని పడుకుంది. బల్లి జాతి జీవులకు కాలుతోందని తోచి పక్కకు జరగడం మనకున్నంత వెంటనే ఉండదు. తెల్లారేసరికి వీపు మీద చెయ్యంత మేర పొలుసులు నల్లబడి ఊడొచ్చాయి. రెండు నెలలు డ్రెస్సింగ్. వైద్యానికి అయిన ఖర్చు పెట్టె ధర దాటింది. రెండు వందల రూపాయల తీగ గూడు బల్బు చుట్టూ పెట్టి ఉంటే ఈ కథ లేదు.

పి.వి.సి. ఫోమ్ బోర్డు తడికి మంచిదే, నేను వద్దనను. కానీ బల్బుకు దగ్గరైతే మెత్తబడి వంగిపోతుంది. పైగా పి.వి.సి. పైపుల్లో సీసం వాడకం ఆపించడానికి 2021లో కేంద్రం నియమాలు తెచ్చింది, ఆ నియమాల పేరులో ఉన్నవి పైపులు, ఫిట్టింగులే, బోర్డులు కాదు. బోర్డు సంగతి తయారీదారుని అడిగి రాయించుకోవాల్సిందే. థర్మోకోల్‌తో గుహలు, రాళ్లు చెక్కి పైన రంగేస్తున్నారు. మేతకు వేసే కీచురాళ్లు ముందు దాన్నే కొరుకుతాయి, ఆ కీచురాళ్లని కప్పలు మింగుతాయి. గుహకు పగిలిన కుండ పెంకు చాలు. ఎండ కాగడానికి పలక కావాలంటే మన తాండూరు బండో కడప బండో ఉండనే ఉంది. కాకపోతే బండను మట్టి మీద కాకుండా పెట్టె అడుగు మీదే ఆనించండి, లేకపోతే కింద తవ్వుకునే జీవి నలిగి చస్తుంది.

ఇంకోటి, గాజు గుండా, అక్రిలిక్ గుండా తాబేళ్ల డొప్ప గట్టిగా ఉండటానికి కావలసిన అతినీలలోహిత-బి కిరణాలు సరిగా రావు. “కిటికీ పక్కన పెట్టండి, ఎండ తగిలితే చాలు” అని అమ్మేవాళ్ల మాట విని ఎందరో తాబేళ్ల డొప్పలు మెత్తబడేదాకా తెచ్చుకున్నారు. మన ఏప్రిల్, మే ఎండల్లో కిటికీ పక్కన గాజు పెట్టె పెడితే డొప్ప మెత్తబడేదాకా కూడా ఆగక్కర్లేదు.

6. పల్లెల్లో. ఇది షాపులకు సంబంధం లేని మాట, అయినా రాయాలి. బావిలోనో పొలంలోనో కొండచిలువ దొరికితే జనం చంపకుండా పట్టి ఫారెస్టు వాళ్లకు ఇస్తున్నారు, సంతోషం. అయితే ఆ వాహనం వచ్చేదాకా దాన్ని ఉంచేది చేతికి దొరికిన పురుగుమందు డ్రమ్ములోనో యూరియా సంచిలోనో. మందు డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా అందులో ఏ జీవినీ పెట్టొద్దు. ఉతికిన పాత దిండు గలీబు ఒకటి, మూతకు చిల్లులున్న శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బు ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉంచితే సరిపోతుంది.

మధ్యలో ఒక స్పష్టత. ఇది చదివి నక్షత్ర తాబేలుకు మంచి పెట్టె చేయించుకుందామని ఎవరైనా అనుకుంటే, దయచేసి వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి ఆ తాబేళ్లు ఎన్ని దొంగతనంగా తరలిపోతున్నాయో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. కార్పెంటర్లూ, ఎవరైనా అలాంటి పెట్టె అడిగితే పని ఒప్పుకోకండి.

ఇప్పుడు మేం అడిగేవి.

1. ప్రతి పెట్టె వెనక ఒక చీటీ అతికించండి, అదే బిల్లు మీదా రాయండి. ఏ బోర్డు, ఏ గ్రేడు, చెదమందు ఉందా లేదా, ఏ పూత, ఏ తారీఖున పూశారు, ఏ సిలికాన్. ఆరు లైన్లు. బిర్యానీ పార్సిల్ మీద కూడా ఇంతకంటే ఎక్కువ రాసి ఉంటుంది.

2. ‘తెలియదు’ అనేది జవాబైతే అదే రాయండి. కొనాలో వద్దో మేం చూసుకుంటాం.

3. లోపలివైపు చెదమందు పట్టించిన చెక్కతో చేసిన పెట్టెను ప్రాణుల కోసమని అమ్మకండి. కప్పల పెట్టె అయితే అసలు ప్లై జోలికే పోకండి. గాజు ఉంది, పాలిప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) డబ్బా ఉంది, డబ్బా అయితే ప్లై కంటే చవక.

4. పూత పూసిన పెట్టెను కనీసం నాలుగు వారాలు గాలికి ఆరబెట్టాకే ఇవ్వండి. మాకు తొందర లేదు. తొందర మీదే.

5. బల్బుకు గూడు, వేడి హద్దు దాటితే ఆపేసే థర్మోస్టాట్ లేకుండా హీటర్ బిగించకండి. నీళ్లు చల్లే పెట్టె లోపల స్విచ్ బోర్డు పెట్టినవాళ్లను కూడా చూశాను. అక్కడ చెయ్యి పెట్టేది పిల్లలు.

6. అధికారులకు. 2018 పెట్ షాప్ నియమాల ప్రకారం ప్రతి షాపూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఆ నియమాలు నేను మొదటి నుంచి చివరిదాకా చదివాను. కుక్కలు, పిల్లులు, కుందేళ్లు, పక్షుల గురించి ఉంది. కప్ప పెట్టెకు ఏ చెక్క వాడాలన్న మాట నాకు అందులో ఎక్కడా కనపడలేదు. కేంద్రం దాకా వెళ్లి నియమాలు మార్పించమని మిమ్మల్ని అడగడం లేదు. తనిఖీకి వెళ్లినప్పుడు పెట్టె వెనక చీటీ ఉందా లేదా చూడండి, లేకపోతే షాపు వాళ్లకు ఒక నోటీసు ఇవ్వండి. ఫిర్యాదు వస్తే ముప్పై రోజుల్లో అందిందనైనా ఒక ముక్క రాయండి.

మా ఇంట్లో రెండు కప్పలు చస్తే ఇంత పెద్ద ఉత్తరమా అని నవ్వుకునేవాళ్లు ఉంటారు, తెలుసు. అదే ప్లై షీటు, అదే పాలిష్, అదే గమ్ముతో పిల్లల స్టడీ టేబుళ్లూ మంచాలూ కూడా ఆ షెడ్డులోనే చేస్తున్నారు. కప్ప చర్మం పలుచన కాబట్టి నాలుగు రోజుల్లో తెలిసింది.

ఆ పెట్టె ఇంకా మా వరండాలోనే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు, కాల్చలేదు (కాలిస్తే ఆ పొగ ఇంకో గొడవ). షాపు వాళ్లు గానీ, డీలర్ గానీ, అధికారులు గానీ వచ్చి అందులోంచి ఒక ముక్క కోసుకుని ల్యాబుకు తీసుకెళ్తామంటే రంపం కూడా నేనే ఇస్తాను. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్,
హనుమకొండ